బావ కాలు, నా ఎర్ర టేపు

నాకు నోరెక్కువ. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు. మా షెడ్డుకి బండి తెచ్చేవాళ్ళంతా ఆ సంగతి తెలిసే తెస్తారు. "ఆవిడ తిడుతుంది, కానీ వైరింగ్ పనికి ఆవిడే కావాలి" అని ఒకరికొకరు చెప్పుకుంటారట. ఇరవై రెండేళ్ళుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. లైటు వెలగకపోయినా, హారన్ ఆగకుండా మోగినా, కంప్యూటర్ పెట్టె మొరాయించినా నా దగ్గరికే రావాలి. ఇంజను పని మాత్రం మేస్త్రి చూస్తాడు. షెడ్డు ఒకటే, పనులు వేరు. అతను రోజుకి పది మాటలు మాట్లాడతాడు. అతని వంతు మాటలు కూడా నేనే మాట్లాడతాను.

ఇంకో అలవాటు గురించి కూడా ముందే చెప్పాలి. వైరు అతికితే అందరూ నల్ల టేపు చుడతారు. నేను ఎర్ర టేపు చుడతాను. బండి నా చెయ్యి దాటాక ఎవరెవరో అందులో వేలు పెడతారు. తీరా ఏదైనా మాడిపోతే "అదిగో, ఆవిడే చేసింది" అని నా మీదకి తోసేస్తారు. అప్పుడు నేను మూత తీసి చూపిస్తాను. ఎర్ర టేపు ఉన్నచోట నా పని, లేనిచోట ఎవరి ఖర్మ వాళ్ళది. ఇన్నేళ్ళలో ఆ టేపు నా తరఫునే సాక్ష్యం చెప్పింది, ఒక్క ఆదివారం తప్ప.

ఆ ఆదివారం సంగతి చెప్పాలంటే మా బావ సంగతి చెప్పాలి. బావ అంటే మా అక్క మొగుడు. వాళ్ళకి బేకరీ ఉంది. కేకులు అక్క చేస్తుంది, వాటిని వ్యానులో తీసుకెళ్ళి చేరాల్సిన చోట బావ చేరుస్తాడు. వాళ్ళ పెళ్ళినాటికి నాకు పదేళ్ళు. పెళ్ళిపందిట్లోనే బావ మీద అరిచానట, నా కుర్చీలో కూర్చున్నాడని. అప్పట్నుంచి నాకు టపాకాయ్ అని పేరు పెట్టేశాడు. ఇప్పుడు నా జుట్టు సగం నెరిసినా ఆ పేరు మాత్రం నెరవలేదు.

బావకి ఒకే ఒక గొప్ప ఉంది. "ఇరవై ఆరేళ్ళలో నా బండిలో ఒక్క కేకు మీద ఒక్క అక్షరం చెరగలేదు" అంటాడు. నలుగురు కూర్చున్నచోట ఏదో వంకన ఆ మాట తెస్తాడు. అక్క మూతి తిప్పుకుని, "వింటున్నాం లెండి, ఇరవై ఆరేళ్ళుగా వింటున్నాం" అంటుంది. కానీ అది నిజమే. గతుకుల్లో కూడా ఆయన వ్యాను నీళ్ళ మీద పడవలా పోయేది.

ఆరు నెలల కిందట పిండి బస్తా భుజాన వేసుకుని మెట్లు దిగుతూ బావ జారి పడ్డాడు. కుడి మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేశారు. ఆయన ఆసుపత్రిలో ఉండగా నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఏదో ఒకటి చేసిపెట్టాలని వ్యాను డ్రైవరు సీటు ఊడదీసి, కొత్త స్పాంజి వేయించి, కవరు మార్పించి, నా చేతులతోనే మళ్ళీ బిగించాను. ఇంటికొచ్చాక బావ అందులో కూర్చుని, "ఒసే టపాకాయ్, ఇది సీటా, సోఫానా!" అన్నాడు. ఆ మాటకి నేను వారం రోజులు ఎవర్నీ తిట్టలేదు.

మోకాలు పూర్తిగా వంగదు, సగం వరకే వంగుతుంది. అయినా పాదం బాగుంది కాబట్టి నిక్షేపంగా బండి నడపొచ్చని డాక్టరు రాసిచ్చాడు. బావ మళ్ళీ వ్యాను ఎక్కాడు. సరిగ్గా అప్పట్నుంచే గోల మొదలైంది. బండి బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి వెనక్కి పట్టి లాగినట్టు ఆగిపోబోయేది, మరుక్షణం ముందుకు దూకేది. మొదటి వారంలోనే ఒక హెడ్‌మాస్టరుగారి వీడ్కోలు కేకు అక్షరాలతో సహా అట్టపెట్టె మూతకి అంటుకుపోయింది. తర్వాత పుట్టినరోజు కేకు ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. అక్క రాత్రంతా కూర్చుని వేసిన క్రీము పువ్వులు పెట్టె మూలన ముద్దయి ఉండటం చూసి బావ తల ఎత్తలేకపోయాడు.

వ్యాను నా దగ్గరికి వచ్చింది. కంప్యూటర్ పెట్టెలో తేడాలు చదివే స్కానర్ పెట్టాను. థ్రాటిల్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజి తక్కువగా ఉందని చూపించింది. థ్రాటిల్ సెన్సర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మనం యాక్సిలరేటర్ ఎంత తొక్కామో కంప్యూటర్ పెట్టెకి కబురు చేసే చిన్న ముక్క. ఆ కబురు మధ్యలో తెగిపోతే, డ్రైవరు కాలు తీసేశాడనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. కబురు మళ్ళీ అందగానే గబుక్కున పెట్రోలు వదులుతుంది. బండి అందుకే దూకుతుంది. రోగం దొరికిందని సంబరపడి పాత సెన్సర్ తీసి కొత్తది వేశాను. నేను నాలుగు వీధులు తిప్పాను. మేస్త్రి ఇంకో నాలుగు తిప్పాడు. ఎక్కడా చిన్న కుదుపు లేదు.

మర్నాడు బావ నడిపాడు. మళ్ళీ అదే కుదుపు.

అప్పుడు నేను మళ్ళీ స్కానర్ పెట్టి చూడాల్సింది. పెట్టలేదు. నేను వేసిన ముక్కని నేనే అనుమానించడమా? పైగా ఇలాంటి తేడా వస్తే డ్రైవరు ముందు వెలగాల్సిన పసుపు దీపం ఒకటుంటుంది. అది మాడిపోయి ఏడాదయింది. మార్చమని బావ అంటూనే ఉన్నాడు, రేపు మారుస్తానని నేనూ అంటూనే ఉన్నాను. ఊరందరి దీపాలూ వెలిగించేదాన్ని, సొంత బావ బండిలో దీపానికి తీరిక దొరకలేదు. ఆ దీపం ఉండుంటే ఈ కథే ఉండేది కాదు.

స్కానర్ బదులు నోరు వాడాను. బేకరీకి వెళ్ళి, కౌంటరు దగ్గర నలుగురు నిలబడి ఉండగా, "బండిలో ఏమీ లేదు బావా. నేనూ చూశాను, మేస్త్రీ చూశాడు. మీ కాలే సరిగ్గా ఆనట్లేదు. బండి కాదు, కాలు చూపించుకోండి" అనేశాను.

బావ తల వంచి తన కుడికాలి వైపు చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అన్నట్టు. తర్వాత, "అలాగేలే టపాకాయ్" అన్నాడు.

ఇక అక్క ఊరుకోలేదు. ఒక కొత్త డ్రైవరుని మాట్లాడింది. నెమ్మదస్తుడు, నాలుగైదు బండ్లు నడిపినవాడు. అతను వ్యాను గంటసేపు తిప్పి చూసి, "బండి బ్రహ్మాండంగా ఉందమ్మా, ఎక్కడా కుదుపే లేదు" అని చెప్పాడు. దాంతో తేలిపోయింది. నేను నడిపితే బాగుంది, మేస్త్రి నడిపితే బాగుంది, కొత్తాయన నడిపితే బాగుంది, ఒక్క బావ నడిపితేనే దూకుతోంది. సోమవారం నుంచి కొత్త డ్రైవరు వస్తాడు, బావ కౌంటరులో కూర్చుంటాడని అక్క తేల్చేసింది. బావ దానికి కూడా అలాగే అన్నాడు.

ఆ రోజుల్లోనే అక్క నా దగ్గర ఒక వింత చెప్పింది. "మీ బావకి ఏమైందోనే. రోజూ నా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నారు. గుడ్డా లేదు, దారమూ లేదు. ఊరికే తొక్కుతూ ఉంటారు. అడిగితే కాలక్షేపం అంటారు."

నేను పగలబడి నవ్వాను. ఆ సాయంత్రమే బావతో, "మిషను నేర్చుకుంటున్నారటగా, నాకో రెండు జాకెట్లు కుట్టిపెట్టండి" అని ఏడిపించాను కూడా. బావ నవ్వి ఊరుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నాను. మేస్త్రికి ఆదివారం సెలవు. ఆ రోజు అతని వంతు కూడా మాట్లాడాల్సిన పని లేక నాకు తోచడం లేదు. అప్పుడు బావ వ్యాను వేసుకుని వచ్చాడు. వీధి మలుపులో ఆ వ్యాను ముక్కు వంచి, తల విదిల్చి, మళ్ళీ దూకడం నేను గుమ్మంలోంచి చూశాను.

బావ దిగి, కాలు జాగ్రత్తగా ఆనించి నడిచి వచ్చి తాళాలు నా చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి ఆయన నడుపుతాడు కదమ్మా. ఒకసారి అన్నీ చూసి ఇవ్వు. కొత్త మనిషి, బండి వల్ల మాట పడకూడదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. తనని దింపేసి ఎక్కబోయేవాడికి బండి సుఖంగా ఉండాలని చూసే మనిషిని ఏమనాలి?

"మీకు కోపం రాదా బావా? ఒక్కసారైనా అరవరేం?" అన్నాను.

"ఇంటికి నువ్వొక్కదానివి చాలవూ?" అన్నాడు.

లోపలికి వెళ్ళి స్కానర్ అందుకోబోయి ఆగి, దాని పక్కనున్న పాత ముల్లు మీటరు తీశాను. నాకు పని నేర్పిన గురువుగారిది. వయసైపోయి పని మానేసినప్పుడు నాకిచ్చి వెళ్ళారు. కొత్త మీటర్లు అంకెలు చూపిస్తాయి. వోల్టేజి రెప్పపాటులో పడి లేస్తే ఆ అంకెలు పట్టుకోలేవు. ముల్లు పట్టుకుంటుంది. మీటరు దుమ్ము తుడుస్తుంటే సిగ్గేసింది. సెన్సర్ మార్చక ముందే చెయ్యాల్సిన పని అది.

ఈ వ్యానుకి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. పక్క సీటు పైకి ఎత్తితే కనిపిస్తుంది. సెన్సర్‌కి మూడు వైర్లు ఉంటాయి. ఒక దాంట్లో కంప్యూటర్ నుంచి అయిదు వోల్టులు రావాలి, చూస్తే వస్తున్నాయి. రెండోది ఎర్త్, గట్టిగానే ఉంది. మూడోది కబురు మోసే వైరు. కాలు పెట్టనప్పుడు దాంట్లో అర వోల్టు ఉండాలి, పూర్తిగా తొక్కితే నాలుగున్నర. ఆ మధ్యలో ముల్లు ఎక్కడా ఆగకుండా, పడకుండా ఎక్కాలి. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి ఉంచి, నేను చేత్తోనే థ్రాటిల్ మీట లాగి చూశాను. ముల్లు చక్కగా ఎక్కింది, చక్కగా దిగింది. పదిసార్లు లాగినా అంతే.

నిజం చెప్పొద్దూ, నాకు లోపల కాస్త హాయిగా అనిపించింది. చూశావా, నా పని నిఖార్సుగానే ఉంది అనుకున్నాను. అయినా పెడల్ మీద కాలు పెట్టి చూడాలి. మామూలుగా దానికి మేస్త్రి కూర్చుంటాడు. ఇవాళ మేస్త్రి లేడు.

"బావా, కూర్చుని మెల్లగా తొక్కండి. నేను చాలనేదాకా ఆపకండి" అన్నాను.

బావ ఎక్కి, వీపు ఆనించి, కాలు చాపి తొక్కాడు. నా కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. ఒకటి దాటింది. రెండు దాటింది. ఠక్కున సున్నాకి పడిపోయింది.

"కాలు ఎందుకు తీశారు?" అని అరిచాను.

"తియ్యలేదమ్మా."

"తీశారు బావా! ముల్లు కింద పడింది. నేను చూస్తూనే ఉన్నాగా!"

"తియ్యలేదే. ఇప్పుడూ తొక్కే ఉంచాను."

నేను విసురుగా తల తిప్పి పెడల్ వైపు చూశాను. బావ పాదం పెడల్ మీదే ఉంది. నిశ్చలంగా ఉంది. కొత్తగా పాలిష్ చేసిన బూటు కొన వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. మళ్ళీ మీటరు చూశాను. ముల్లు సున్నా మీద పడుకుని ఉంది. మళ్ళీ పాదం చూశాను. మళ్ళీ ముల్లు.

"కదలకండి. అలాగే ఉండండి" అన్నాను.

బావకి అర్థమైంది. మెల్లగా అడిగాడు. "అంటే... నా కాలు కాదా?"

"కాదు బావా. కాలు బంగారంలా ఉంది. కబురే పోవడం లేదు."

ఆయన స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చున్నాడు. "నేనూ నమ్మేశాను టపాకాయ్" అన్నాడు. "తొక్కుతూనే ఉన్నానని నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఇంతమంది చెబుతుంటే, పాదానికి స్పర్శ పోయిందేమో, నాకు తెలియకుండానే జారుతోందేమో అనుకున్నాను. అందుకే మీ అక్క మిషను తొక్కాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. చక్రం ఎక్కడా ఆగకుండా, జోరు పెరక్కుండా, ఒకే తీరుగా తిరగాలని. కాలికి మళ్ళీ మొదట్నుంచి నేర్పుదామని."

జాకెట్లు కుట్టిపెట్టమన్నది ఈ మనిషిని. నాకు ఏడుపొచ్చేసింది. అరిచే వాళ్ళకి ఏడవడం చేతకాదు, అది కూడా గట్టిగానే వస్తుంది. బావ కంగారుపడి దిగబోయాడు. "దిగకండి! ఎవరు దిగమన్నారు మిమ్మల్ని!" అని ఏడుస్తూనే కసిరాను.

ముక్కు చీదుకుని పనిలో పడ్డాను. బావని పక్కకి జరగమని నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. కూర్చుంటూనే కింద మీట పట్టుకుని సీటు ముందుకి లాక్కున్నాను. లాక్కోకపోతే నాకు పెడల్ అందదు. నేను పొట్టి. మేస్త్రి నాకంటే రెండంగుళాలు ఎక్కువ, అంతే. ఎవరి బండి ఎక్కినా మేము ముందు చేసే పని సీటు ముందుకి లాక్కోవడమే. అది పని అని కూడా మాకు అనిపించదు. తొక్కి చూశాను. మీటరు పట్టుకున్న బావ, "నున్నగా ఎక్కుతోంది" అన్నాడు.

నా చెయ్యి ఇంకా సీటు కింద మీట మీదే ఉంది. అప్పుడు తట్టింది.

"బావా, మోకాలు విరగక ముందు మీరు సీటు ఎక్కడ పెట్టుకునేవారు?"

"మధ్యలో. ఇప్పుడు కాలు వంగదుగా, ఆఖరి గాడి దాకా జరుపుకుంటాను. కాలు చాపి, వీపు ఆనించి తొక్కాలి."

"మళ్ళీ కూర్చోండి."

బావ కూర్చుని సీటు ఆఖరి గాడికి జరిపాడు. టక్కుమని పడింది. వీపు వెనక్కి ఆనించి తొక్కాడు. రెండు వోల్టులు దాటగానే ముల్లు చచ్చింది. ఒక గాడి ముందుకి జరపమన్నాను. ముల్లు బతికింది. మళ్ళీ వెనక్కి జరిపాం, చచ్చింది. ఏడుసార్లు చేశాం. ఏడుసార్లూ అంతే. కొత్త డ్రైవరు కూడా పెద్ద పొడగరి కాదు, అతను కూడా సీటు ముందుకి లాక్కునే నడిపి ఉంటాడు. ఆఖరి గాడిలో కూర్చునేది లోకంలో బావ ఒక్కడే.

సీటు బోల్టులు విప్పి పక్కన పెట్టాను. రబ్బరు చాప ఎత్తాను. ఇంజను నుంచి వెనకనున్న కంప్యూటర్ పెట్టెకి పోయే వైర్ల కట్ట సీటు కింద నుంచే పోతుంది. అది సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాకి అవతల, నేల మీదున్న కొక్కెంలో ఉండాలి. లేదు. పట్టాకి ఇవతల, సరిగ్గా ఆఖరి గాడి కిందికి వచ్చి ఉంది. బావ వీపు ఆనించి తొక్కినప్పుడల్లా సీటు ఇనుము ఒక వైరుని నొక్కుతోంది. దాని తొడుగు చీరుకుపోయి లోపలి రాగి మెరుస్తోంది. కబురు కాస్తా ఇనుములోకి పోయి చస్తోంది.

"ఏ తలమాసినవాడు పెట్టాడు దీన్ని ఇక్కడ!" అని నోరు తెరిచాను. అంతే, ఆ నోరు అలాగే ఉండిపోయింది.

కట్ట అటూ ఇటూ కదలకుండా ఎవరో రెండు చోట్ల టేపు చుట్టి పట్టాకి కట్టారు. చక్కగా, బిగుతుగా, మూడేసి చుట్లు. టేపు ఎర్రగా ఉంది.

ఆసుపత్రిలో బావ పడుకుని ఉండగా, ఆయన లేచేసరికి సీటు మెత్తగా ఉండాలని ఆదరాబాదరాగా బిగించింది నేనే. కొక్కెం విరిగి ఉంటే, ఇప్పటికి ఇలా కడదామని ఇటు కట్టింది నేనే. సీటు సోఫాలా ఉందని పొగిడించుకున్నదీ నేనే. ఆ తర్వాత కౌంటరు ముందు నిలబడి కాలు చూపించుకోమన్నదీ నేనే.

బావ నా భుజం మీదుగా తొంగిచూశాడు. ఆ టేపు ఎవరిదో ఆయనకి వేరే చెప్పక్కర్లేదు. "పాత బండి కదా. వైరు అరిగిపోయిందని చెబుదాంలే అక్కతో" అన్నాడు.

"ఎందుకు చెప్పాలి అలా?"

"నీ పేరు పోతుందమ్మా. పని మీద బతికేదానివి."

మీ పేరు తీసినప్పుడు నాకు ఈ బుద్ధి ఏమైంది అని అడగాలనిపించింది, కానీ అది ఆయన్ని అడగాల్సిన ప్రశ్న కాదు. ఆ ఎర్ర టేపు కోసి జేబులో పెట్టుకున్నాను. చీరుకుపోయిన ముక్క కత్తిరించి, కొత్త వైరు అతికి, టంకం వేసి, తొడుగు తొడిగాను. కొత్త కొక్కెం బిగించి కట్టని పట్టాకి అవతల, దాని అసలు చోట కూర్చోబెట్టాను. ముల్లు మీటరు పెట్టి ఆఖరి గాడిలో బావ చేత ఇరవైసార్లు తొక్కించాను. అర నుంచి నాలుగున్నర దాకా ముల్లు ఎక్కిన ప్రతిసారీ బావ పిల్లాడిలా నవ్వాడు. మాడిన పసుపు దీపం కూడా మార్చాను, ఏడాది ఆలస్యంగా.

ఇంకా పొద్దుండగానే బేకరీకి వెళ్ళాం. అక్క కౌంటరు వెనక ఒక కేకు మీద పేరు రాస్తోంది. కొత్త డ్రైవరు అప్పటికే తాళాల కోసం వచ్చి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రొట్టెల కోసం వచ్చినవాళ్ళు ముగ్గురు నిలబడ్డారు. సరిగ్గా నేను ఆ మాట అన్నచోటే నిలబడ్డాను.

"అక్కా, ఆ పని ఆపి ఇటు చూడు" అన్నాను. జేబులోంచి టేపు తీసి కౌంటరు మీద పెట్టాను. "బావ కాలికి ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సీటు బిగించినప్పుడు వైరు తప్పుడు చోట కట్టింది నేను. బావ కూర్చుంటేనే అది నలిగేది. తప్పు నాది. ఆ రోజు ఇక్కడే నిలబడి గట్టిగా అన్నాను కాబట్టి ఇవాళ కూడా గట్టిగానే చెబుతున్నాను."

రొట్టెలవాళ్ళు ముగ్గురూ రొట్టెలు మర్చిపోయి వింటున్నారు. అక్క నన్నూ చూసింది, టేపునూ చూసింది.

"మరి ఇన్నాళ్ళూ మీరెందుకు నోరు విప్పలేదు?" అని బావ మీద పడింది. "తొక్కుతూనే ఉన్నానని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయేది?"

"ఆయనకే నమ్మకం పోయింది అక్కా" అన్నాను. బావ చెప్పొద్దన్నట్టు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాడు. నాకు నోరెక్కువని ముందే చెప్పాను కదా. "నీ మిషను తొక్కింది కాలక్షేపానికి కాదు. కాలికి బండి నేర్పుకోవడానికి."

అక్క చేతిలో క్రీము గొట్టం అలాగే ఉండిపోయింది. దాంట్లోంచి క్రీము కారి కేకు అంచు మీద పడుతోంది, ఆవిడ చూసుకోలేదు. "నేను కేకుల కోసం దింపాననుకున్నారా మిమ్మల్ని?" అంది. "మీరు వెళ్ళిన ప్రతిసారీ, ఆ బండి ఏ లారీ ముందు ఆగిపోతుందో అని వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. పోతే పోయాయి కేకులు!"

"అబ్బే, కేకులు పోకూడదు" అన్నాడు బావ.

అందరికంటే ముందు కొత్త డ్రైవరు నవ్వాడు. పొద్దున్నే నాలుగింటికి లేవడం తన వల్ల అయ్యే పని కాదని, ఎలా చెప్పాలో తెలియక వారం నుంచి సతమతమవుతున్నానని బయటపెట్టాడు. అక్క అతనికి ఒక పెద్ద కేకు పెట్టి పంపించింది.

తర్వాత అక్క తను రాస్తున్న కేకు అంచు సరిచేసి, పేరు పూర్తిచేసి, మూత లేని పెట్టెలో పెట్టుకుని వెళ్ళి వ్యానులో పక్క సీట్లో కూర్చుంది. "పదండి. నా కళ్ళతో నేను చూడాలి" అంది. బావ ఎక్కి, సీటు ఆఖరి గాడికి జరుపుకున్నాడు. టక్కుమంది. నేను వెనక ట్రేల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. గతుకుల వీధి, మార్కెట్టు మలుపు, వంతెన ఎక్కడం, దిగడం, అన్నీ తిప్పాడు. అక్క రోడ్డు చూడలేదు, కేకూ చూడలేదు. బావ కుడిపాదం వైపే చూస్తూ కూర్చుంది.

వెనక్కి వచ్చి బేకరీ ముందు ఆగాం. కేకు మీద ఒక్క అక్షరం చెరగలేదు. ఆ మాట బావ అంటాడని ఎదురుచూశాను. అనలేదు. పెట్టె మీదకి వంగి ఒక్కో అక్షరం చూసుకుంటున్నాడు.

అక్క దిగి, కేకు నా చేతికిచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, బావ వైపు తిరిగింది.

"రేపట్నుంచి నా మిషను జోలికి రాకండి. నాకు తలగడ గలేబులు కుట్టుకోవాలి. మీరు తొక్కాల్సింది ఇక్కడుంది" అంది. చెప్పి, రేపటి కేకులు ఎక్కడెక్కడికి వెళ్ళాలో రాసిన కాగితం ఆయన జేబులో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.